బావి ఈతగాడితో సముద్రానికి

మా అత్తమ్మకు ఉన్నట్టుండి సముద్రం చూడాలని బుద్ధి పుట్టింది. మాఘ పౌర్ణమినాడు సముద్రంలో మునిగితే పుణ్యమని తొర్రూరు అంగట్లో ఎవరో చెప్పారట. ఇంటికి వచ్చీ రాగానే కొడుకును పిలిచి, "చెరువుకు అవతల గట్టుంటది. దానికి ఉండదట గదరా. గదేందో నేను చూడాలె," అంది. నా వైపు తిరిగి, "నువ్వు గూడ రా బిడ్డ. తింటలేవు, పంటలేవు. నాకు కనబడుతలేదా," అంది.

ఎలా తింటాను? అంతకు ముందటి వానాకాలంలో మాకు ఆడపిల్ల పుట్టి, తొట్టెలలో వేయకముందే పోయింది. ఇల్లంతా ఏడ్చింది, మా ఆయన తప్ప. పెద్దవాళ్ల ముందు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం మా ఇంట్లో లేదు, పెద్దవాళ్లు లేని మూల కూడా ఆ ఇంట్లో లేదు. సరే, రాత్రి గదిలోకి వచ్చాకైనా ఏమన్నా అంటాడా అంటే, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ పిల్ల గురించి ఒక్క మాట, తిట్టయినా సరే, ఆయన నోట వినాలని ఉండేది. ఇక ఈ మనిషితో నా వల్ల కాదు, సముద్రం నుంచి రాగానే పెద్దవంగరలో మా పుట్టింటికి పోయి మళ్లీ రావద్దని నిశ్చయించుకునే ప్రయాణానికి బట్టలు సర్దాను.

మానుకోటలో రైలెక్కాం. అత్తమ్మ కిటికీ పక్కన, ఆమె పక్కన కొడుకు, ఎదురుగా నేను, నా ఒళ్లో జొన్నరొట్టెల మూట. దారి పొడుగునా ఆయనవి ఈత గొప్పలే. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతబడితే, ఆ రోజులన్నీ ఊరి బావుల్లోనే గడిపాడట. గట్టు మీంచి తలకిందులుగా దూకి బావి అడుగున మట్టి తెచ్చేవాడట. "సముద్రమైతేంది అవ్వా, గవీ నీళ్లే గద," అన్నాడు. అన్నీ తల్లితోనే. నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బిడ్డ పోయినవాడికి బావుల ముచ్చట్లు ఎట్లా వస్తున్నాయా అని పళ్లు నూరుకున్నాను.

బాపట్లలో దిగి, బస్సు పట్టుకుని సూర్యలంక చేరేసరికి ఇసుకంతా జనం. అత్తమ్మ నోట్లో వక్క నమలడం కూడా మరిచి నిలబడిపోయింది. "ఇదేంది, జరసేపు గూడ ఊకుంటలేదు," అంది మెల్లగా. మా మాట విని టీ అమ్మే అతను నవ్వాపుకుంటూ, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. "నీళ్లు తక్కువున్న ఊరు నాయినా," అంది అత్తమ్మ, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే.

తర్వాత నా కొంగు తీసి ఆయన నడుముకు కట్టుకున్న కండువాకు గట్టిగా ముడివేసింది. "సరిగంగ తానాలు చెయ్యిన్రి. మొగడు పెండ్లాం ఒక్కపారే మునగాలె."

మోకాలి లోతుకు పోయాం. ఆయన ముందు, నేను వెనక. ఇంతలో పెద్ద అల లేచింది. చుట్టూ ఉన్న జంటలన్నీ చేతులు పట్టుకుని, ఒంగి నిలబడి, అలను మీదుగా పోనిచ్చాయి. మా ఈతగాడు మాత్రం బావి గట్టు మీద ఉన్నట్టే రెండు చేతులూ చాచి తలకిందులుగా దూకాడు. మోకాలి నీళ్లలో! వెనక ముడివేసిన పెళ్లాం ఉందన్న సోయి కూడా లేదు. ఆయన్ను అల విసిరికొట్టింది, ఆయనతోపాటు నన్నూ ఈడ్చుకుపోయింది. ముక్కులో నోట్లో ఉప్పునీళ్లు. ఏది పైనో ఏది కిందో తెలియలేదు.

కళ్లు తెరిచేసరికి ఒడ్డున ఉన్నాం, నా తల ఆయన ఒళ్లో ఉంది. ఆయన నుదురు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. అదేం పట్టనట్టు నా మొహం మీది ఇసుక తుడుస్తున్నాడు. చుట్టూ జనం, పక్కనే తల్లి.

"పిల్ల పాయె. నువ్వు గూడ పోతివనుకున్న," అన్నాడు. "దానిది అచ్చం నీ మొఖమే. నీ దిక్కు చూస్తే అదే యాదికొస్తది. అందుకే చూడకపోతి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "గీ మాట చెప్పనీకి ఇన్ని దినాలా," అంటూ ఆయన ఛాతీ మీద గుద్దాను. ఆయన ఆపలేదు, ఆయనా ఏడుస్తున్నాడు. ఇక పెద్దవంగర పోయేదేముంది? ఈ మనిషిని వదిలి ఎక్కడికి పోతాను?

"ఏం గాలే, మీరు పోన్రి," అని అత్తమ్మ జనాన్ని పంపేసింది. మా ముడి ఊడిందేమో చూసి, "ఇంక తానం కాలే. మెల్లగ చేసి రాన్రి, తొందరేం లేదు," అంది.

ఈసారి ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టపగలు, అందరి ముందు. నడుము లోతుకు పోయాక సిగ్గేసి వెనక్కి చూశాను. సముద్రం చూడాలని అంత దూరం వచ్చిన మా అత్తమ్మ, సముద్రానికి వీపు పెట్టి, సరుగుడు చెట్ల వైపు మొహం తిప్పి ఇసుకలో కూర్చుంది. రైలు వేళయ్యేదాకా ఇటు తిరగలేదు.