అన్నంలో నిలబెట్టిన పుల్లలు

డెబ్భైల్లో మా తిరువూరు పక్క పొలాల్లోకి పవర్ టిల్లర్లు కొత్తగా దిగాయి. వాటితో నాట్లకు మడి దమ్ము చేయడం నేర్పడానికి జపాన్ నుంచి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఊళ్ళో చెప్పుకోదగ్గ లాడ్జీ లేదు కాబట్టి నాన్న మా మేడమీది గది ఇచ్చాడు. భోజనం మాతోనే. నాది పదో తరగతి ఇంగ్లీషు, ఆయనది అంతకంటే తక్కువ. ఆ రెండింటితోనే ఇల్లంతా నెట్టుకొచ్చాం.

జపాన్ సారు పొద్దున్నే స్నానం చేసేవాడు కాదు. నాయనమ్మకి అది మింగుడుపడలేదు. "నీళ్ళు పోసుకోకుండా కాఫీ తాగుతాడేంటే ఆ మనిషి!" అని నామీద విసుక్కునేది, ఆయన్ని పెంచింది నేనే అయినట్టు. సాయంత్రం మాత్రం చెయ్యి పెడితే కాలే నీళ్ళు కావాలి ఆయనకు. మంచం వేస్తే దాన్ని గోడకు చేర్చి నేలమీద పడుకునేవాడు. తెల్లారేసరికి పక్క మడతపెట్టి మూలన ఉండేది. చెప్పులు విప్పితే వాటి ముక్కులు వీధివైపు తిప్పి పెట్టేవాడు. పాలవాడికి కూడా నడుం వంచి దండం పెట్టేవాడు. పాలల్లో నీళ్ళు పోసేవాడికి అంత మర్యాద దేనికని నాకు ఒళ్ళు మండేది.

అన్నం ముందు కూర్చోగానే చేతులు జోడించి ఏదో మాట అనేవాడు. గిన్నెలో ఒక్క మెతుకు మిగల్చడు. ఆ రెండూ చూశాక నాయనమ్మ స్నానం సంగతి వదిలేసింది.

ఆయన వెంట తెచ్చుకున్నవి ఒకే ఒక జత నల్లటి పుల్లలు. వాటితోనే తినేవాడు. మాది నేలమీద వడ్డన. పుల్లలు కింద పెడితే మట్టి అంటుతుందని నాయనమ్మ మొదటిరోజే అన్నం గుట్టగా పెట్టి, రెండు పుల్లలూ నడిమధ్య గుచ్చి నిలబెట్టింది. ఆయన చూసి ఆగిపోయాడు. మెల్లగా తీసి గిన్నెమీద అడ్డంగా పెట్టి, ఆ తర్వాతే చేతులు జోడించాడు. మర్నాడూ అంతే. వంట నచ్చలేదేమోనని నాయనమ్మ దిగులుపడింది. ఇక ఉండబట్టలేక నేనే అడిగేశాను. ఆయన చాలాసేపు మాటలు వెతుక్కుని చెప్పాడు. వాళ్ళ దేశంలో చనిపోయినవాళ్ళ తల దగ్గర అన్నం అలా పెడతారట.

నేను చెప్పగానే నాయనమ్మ లెంపలు వేసుకుంది. "నిక్షేపంలా ఉన్న మనిషికి పిండం పెట్టానటే తల్లీ!" అంది. ఆ పూటే ఒక చిన్న చెక్కముక్క కడిగి తెచ్చి పుల్లలు పెట్టుకోవడానికి ఆయన పక్కన ఉంచింది.

రేపోమాపో నాట్లు మొదలవుతాయనగా ఆయనకు టెలిగ్రాం వచ్చింది. వాళ్ళమ్మ పోయింది. బస్సులో విజయవాడ వెళ్ళి, రైలెక్కి, విమానమెక్కి అక్కడికి చేరేసరికి అన్నీ అయిపోతాయి. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని రెడ్డిగూడెం పొలానికి వెళ్ళిపోయాడు. కన్నతల్లి పోయిన రోజున కూడా పనికి వెళ్ళేవాడు ఏం మనిషని నాకు కోపం వచ్చింది. సాయంత్రం తిరిగొచ్చి, వంటింటి గడప బయటే నిలబడి నన్ను అడిగాడు. ఒక గిన్నె అన్నం కావాలి, తినడానికి కాదు. ఆ ముఖం చూశాక నా కోపం ఏమైపోయిందో తెలియదు.

నాన్న ఒప్పుకోలేదు. "నాట్లేసే ముందు ఇంట్లో ఈ చావు కూడేంటమ్మా? ఎవరో పోతే ఆ మైల మనకెందుకు? కావాలంటే పొలం గట్టున పెట్టుకోమను," అన్నాడు.

నాయనమ్మ నావైపు తిరిగింది. "వాళ్ళమ్మకి ఇంకెవరన్నా కొడుకులున్నారేమో అడుగు."

అడిగాను. తనొక్కడేనన్నాడు.

"విన్నావుగా," అంది నాయనమ్మ నాన్నతో. "నేను పోయిన్నాడు నువ్వు ఊళ్ళో లేకపోతే?"

నాన్న వసారాలోకి వెళ్ళిపోయాడు.

నాయనమ్మ ఆ సాయంత్రంపూట తలమీద నీళ్ళు పోసుకుని, పొయ్యి అలికి, విడిగా అన్నం వండింది. ఆయన తినే గిన్నెలోనే గుట్టగా పెట్టింది. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ మేడెక్కని మనిషి గోడ పట్టుకుని పైకెక్కింది. నేను గిన్నె మోశాను. ఆయన దాన్ని తూర్పు కిటికీ కింద పెట్టి, పుల్లలు తీసి, రెండు చేతులతో నాయనమ్మకి అందించబోయాడు.

"నాకిస్తావేంటి నాయనా, కొడుకువి నువ్వు. నువ్వే నిలబెట్టు," అంది.

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పనే లేదు. ఆయన పుల్లలు అన్నం మధ్యలో నిలబెట్టి, తల నేలకు ఆనించి, అలాగే ఏడ్చాడు. నాయనమ్మ, నేను గుమ్మంలోనే నిలబడ్డాం.

మర్నాడు మధ్యాహ్నం చెక్కముక్క మీద పుల్లలు లేవు. అవి ఇక వాళ్ళమ్మవి. చెంచా తెస్తానని నేను లేస్తే నాయనమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పప్పూ అన్నం నెయ్యి వేసి తనే కలిపి, ముద్ద చేసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన కాసేపు దాన్నే చూసి, ఎప్పుడూ అనే ఆ మాట అన్నాడు. చేతిలో ముద్ద ఉంది కదా, ఆ పూట చేతులు జోడించడం కుదరలేదు.