అన్నీ ఎర్ర వైర్లే

మా ఉస్తాద్ పోయాడన్న కబురు అందినప్పుడు నేను ఆయన్నే తిట్టుకుంటూ ఉన్నాను. లక్సెట్టిపేటలోని నా షెడ్డులో, ఒక పాత వ్యాను డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, తొమ్మిదేళ్ల కింద ఆయన వేసిన వైర్లను ఒక్కొక్కటే పట్టుకుని వెతుకుతున్నాను. నా ఫోను మోగితే వ్యాను డ్రైవరే ఎత్తాడు. కాసేపు విని, వంగి నా మొహంలోకి చూశాడు.

"అన్నా, పెద్దపల్లి నుంచి. మీ ఉస్తాద్ పొద్దుగాల పాణం ఇడిసిండంట."

నేను బయటికి రాలేదు. "ఇగ ఈ వైర్లు ఎటు వోతున్నయో ఎవల్ని అడగాలె?" అన్నాను. పని నేర్పిన మనిషి చచ్చిపోయాడని తెలిసినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. దాచుకోవడం దేనికి?

ఆయన ఫోటో పక్కన వేయడానికి నాలుగు మంచి మాటలు రాయమని పెద్దపల్లి షెడ్ల వాళ్లు అడిగారు. మంచి మాటలు ఉన్నాయి, రాస్తాను. కానీ పద్నాలుగేళ్ల కోపం కూడా ఉంది. దాన్ని పక్కన పెట్టి రాస్తే అది ఇంకెవరి గురించో అవుతుంది. ఆయన్ని ఎరిగినవాళ్లు చదివి నవ్వుతారు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. కారులో ప్రతి వైరుకూ ఒక రంగు ఉంటుంది. ఏ రంగు వైరు ఏ ఫ్యూజు దగ్గర బయల్దేరి, ఏ స్విచ్చు దాటి, ఏ బల్బుకు చేరుతుందో కంపెనీ వాళ్లు సర్క్యూట్ బొమ్మలో గీసి ఇస్తారు. ఆ బొమ్మ చదవడం వస్తే కొత్తవాడైనా దారి పట్టుకుంటాడు. మా ఉస్తాద్ చేతిలో పడ్డ బండికి ఆ అదృష్టం లేదు. కాలిపోయిన వైరు ఏ రంగుదైనా సరే, దాని స్థానంలో ఆయన ఎర్రదే వేసేవాడు. హారనుకు ఎర్రది, వైపరుకు ఎర్రది, ఇండికేటర్లకు ఎర్రది. ఆఖరికి నల్లగా ఉండాల్సిన ఎర్త్ వైరు కూడా ఎర్రదే. ఇంకో షెడ్డువాడు బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి దండం పెట్టేవాడు. "ఎవలు చేసిన్రో ఆళ్ల కాడికే తీస్కపో" అని పంపేసేవాడు. మా ఉస్తాద్‌కు కావలసింది సరిగ్గా అదే.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, బొగ్గుబాయిలో కొలువు వస్తుందని రెండేళ్లు ఎదురుచూసి, రాక, ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర చేరాను. చదువుకున్నానన్న పొగరు ఉండేది. మొదటి రోజే ఆయన ఒక జీపు సర్క్యూట్ బొమ్మ నా ముందు పరిచి చదవమన్నాడు. నేను బ్యాటరీ మీద వేలు పెట్టి మొదలుపెట్టాను. ఆయన నా వేలు పట్టుకుని కాగితం అడుక్కు లాక్కొచ్చాడు. అక్కడ ఎర్త్ గుర్తు ఉంది.

"బ్యాటరీ కాడ ఏమున్నది? కరెంటు బయలెల్లుడు అందరు సూస్తరు. అది తిరిగి ఇల్లు చేరిందా లేదా, గది సూడు ముందుగాల."

ఎర్త్ నుంచి బల్బు, బల్బు నుంచి స్విచ్చు, స్విచ్చు నుంచి ఫ్యూజు. కింది నుంచి పైకి. మూడేళ్ల డిప్లొమాలో ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. బండ్లలో వచ్చే తిప్పల్లో చాలావరకు తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు దగ్గరే ఉంటాయని ఆ వారంలోనే తెలిసింది. ఈ రోజు నేను తింటున్న అన్నంలో సగం ఆ వేలు లాగినందుకే. ఇది ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

నా మీటరు చూస్తే ఆయనకు ఒళ్లు మంట. ఆయన దగ్గర ఉన్నది ఒక పాత హోల్డరు, ఒక బల్బు, రెండు వైరు ముక్కలు. "మీటరు ఓల్టు జూపిస్తది, బల్బు బలం జూపిస్తది" అనేవాడు. అది నిజం. లోపల తుప్పు పట్టి ఒకే ఒక పోగు మిగిలిన జాయింటు దగ్గర కూడా మీటరు పన్నెండు వోల్టులు చూపిస్తుంది. అక్కడే బల్బు పెడితే గుడ్డిగా వెలుగుతుంది. వైరులో జీవం లేదని అప్పుడు తెలుస్తుంది.

పనిలోకి దిగే ముందు ఉంగరం, గడియారం తీసి టిఫిన్ డబ్బా మూతలో పెట్టేవాడు. బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, ఆ పది నంబరు పానాను నడుముకు దోపుకునేవాడు. ఆయన బండి కింద ఉండగా ఎవరూ బ్యాటరీ కలపకూడదని. ఒకసారి ఆ పానాతోనే ధర్మపురికి పెళ్లికి వెళ్లిపోయాడు. షెడ్డులో ఇంకో పది నంబరు పానా ఉంది. అయినా దాన్ని ముట్టుకునే ధైర్యం మాకెవరికీ లేక, బండి ఓనరు సాయంత్రందాకా బెంచీ మీద కూర్చున్నాడు. అంత జాగ్రత్త గల మనిషి. అన్నీ ఎర్ర వైర్లు వేస్తే రేపు ఇంకొకడి చేతులు కాలతాయన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. వచ్చినా పట్టించుకోలేదు.

ఆరో ఏడు మా ఇద్దరికీ చెడింది. ఒక జీపు వైరింగ్ మొత్తం నా చేతికి వదిలాడు. నేను మూడు రోజులు కూర్చుని, బొమ్మలో ఉన్న రంగులే కరీంనగర్ నుంచి తెప్పించి వేశాను. ప్రతి వైరుకూ చీటీ కట్టాను. ఓనరుకు సర్క్యూట్ బొమ్మ గీసి ఇచ్చాను. ఆయన అది చూసి సంబరపడుతుంటే ఉస్తాద్ వచ్చాడు. కాగితం ఓనరు చేతిలోంచి లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. బానెట్ ఎత్తి చీటీలన్నీ తెంపి పారేశాడు.

"నా దుకాణం తాళంచెవి బజార్ల పంచుతున్నవారా?"

"బండి ఆయనది ఉస్తాద్. ఏ వైరు ఏందో ఆయనకు తెల్వద్దా?"

"నేను పదేండ్లు ఒకని చెప్పులు మోసి నేర్సుకున్న. నాకెవడన్న గీసిచ్చిండా? బొమ్మ చేతికిస్తే బండి వోతది. బండి వోతే మనిషిని మర్సిపోతరు. నీకిప్పుడు తెల్వది. నడు, బయటికి నడు."

ఓనరు ముందు, పక్క షెడ్ల వాళ్ల ముందు అన్నాడు. నేను నడిచాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. తర్వాత ఆయన నా గురించి ఊరంతా "బొమ్మలు గీసేటోడు" అని చెప్పుకుని నవ్వాడు. ఒకరి ద్వారా ఒకరికి చేరి ఆ మాట లక్సెట్టిపేటదాకా వచ్చింది. నేను క్షమించలేదు. ఇప్పుడు కూడా క్షమించి రాయడం లేదు.

ఇక ఈ వ్యాను సంగతి. డయాలసిస్ చేయించుకునే నలుగురిని లక్సెట్టిపేట నుంచి కరీంనగర్‌కు వారానికి మూడుసార్లు తీసుకుపోయే బండి ఇది. శుక్రవారం నుంచి దానికో వింత జబ్బు. బ్రేకు తొక్కితే ఇంజన్ ఆగిపోతోంది. మొదట నేను నవ్వాను, "బ్రేకు తొక్కితే ఆగుడే గదా కావాల్సింది" అని. డ్రైవరు నవ్వలేదు.

"నడి రోడ్డు మీద ఆగుతున్నదన్నా. ఎనక లారీలు. లోపల కాళ్లు వాసిన ముసలోళ్లు. సోమారం పొద్దుగాల పోకుంటే ఆళ్లకు ఊపిరాడది. నాకు పరేషాన్ అయితున్నది."

బానెట్ ఎత్తితే అన్నీ ఎర్రవే. కంపెనీ బొమ్మ పక్కన పెట్టుకున్నా పనికిరాలేదు. నా అహం చంపుకుని, శుక్రవారం సాయంత్రం పద్నాలుగేళ్ల తర్వాత ఆయనకు ఫోను చేశాను. మంచంలో ఉన్నాడని తెలుసు, ఇంత దగ్గర పడిందని తెలియదు. బండి చెప్పాను, జబ్బు చెప్పాను. నలుగురు రోగుల సంగతీ చెప్పాను. చాలాసేపు దగ్గు వినిపించింది.

"నువ్వు బొమ్మలు సదివినోనివి గదా. సూస్కో" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆయన నాతో అన్న ఆఖరి మాట అది. చావు ముందు మనుషులు మెత్తబడతారని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఆదివారం కబురు వచ్చాక డ్రైవరు అడిగాడు, "పోవా అన్నా? మూడు గంటలకు పాడె లేపుతరంట." పోనన్నాను. ఆయన చేసిన పని ఇంకా నా నెత్తి మీద ఉంది. మీటరు పక్కన పడేసి బల్బు తీసుకున్నాను. ఎర్త్ దగ్గర మొదలుపెట్టి, కింది నుంచి పైకి, ఒక్కో జాయింటు విప్పుతూ వచ్చాను. రంగు సాయం లేనప్పుడు ప్రతి వైరునూ నువ్వేం పని చేస్తున్నావని అడగాల్సిందే. ఆ అడగడం నాకు నేర్పింది కూడా ఆయనే అని గుర్తొచ్చి ఇంకా మండింది.

మధ్యాహ్నం దాటాక వైపరు మోటారు వెనక దొరికింది. మూడు మెలికలు, ఒక మడత, పైన బిగించి చుట్టిన నల్ల టేపు. ఆయన చెయ్యి ఎక్కడున్నా నేను గుర్తుపడతాను. ఇంజనుకు డీజిల్ వదిలే వాల్వు కరెంటు మీద పని చేస్తుంది. దానికి వేరే ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు గడి ఎప్పుడో కాలిపోతే, ఉస్తాద్ వాల్వు వైరును తెచ్చి, బ్రేకు లైట్ల స్విచ్చుకు కరెంటు తెచ్చే వైరుకు కలిపాడు. కంపెనీ బొమ్మలో ఆ రెంటికీ చుట్టరికం లేదు. అద్దం అంచు నుంచి కారిన నీటికి జాయింటు తుప్పు పట్టింది. బ్రేకు తొక్కితే లైట్లు వాటా అడుగుతాయి, వాల్వుకు చాలదు, ఇంజన్ ఆగుతుంది.

వాల్వుకు వేరే ఫ్యూజు పెట్టి, నీలం వైరు వేశాను. పొద్దు వాలేలోపు మంచిర్యాల వైపు నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చాం. ఎన్నిసార్లు బ్రేకు తొక్కినా ఆగలేదు. ఆ సమయానికి పెద్దపల్లిలో అంతా అయిపోయి ఉంటుంది. షెడ్డుకు వచ్చి, రెండు రోజులు వెతికి పట్టుకున్న ఆ వ్యాను వైరింగ్ మొత్తాన్ని ఒక కాగితం మీద గీశాను. కంపెనీ దగ్గర లేనిది, లోకంలో ఎవరి దగ్గరా లేనిది.

సోమవారం పొద్దున్నే డ్రైవరు నలుగురినీ ఎక్కించుకుని షెడ్డు ముందు ఆపాడు. కిటికీ పక్కన ఒక ముసలమ్మ, చేతికి పట్టీతో, సీటు అంచు పట్టుకుని కూర్చుంది.

"అన్నా, ఈ వైర్లది జర బొమ్మ గీసియ్యరాదె. దారిల ఆగితే కరీంనగర్ల ఎవలకన్న సూపిస్త" అన్నాడు డ్రైవరు.

"బొమ్మెందుకురా? ఆగితే నాకు ఫోన్ జెయ్యి. నేనస్త."

వాడు తలూపాడు. వాడి కళ్లలో నా మీద నమ్మకమే ఉంది. అందుకే సిగ్గేసింది. అయినా చెయ్యి కదల్లేదు. వ్యాను రోడ్డెక్కింది. మలుపు దగ్గర బ్రేకు లైట్లు రెండూ ఎర్రగా వెలిగాయి, ఇంజన్ ఆగలేదు, బండి కనుమరుగైంది. నేను గీసిన బొమ్మ నాలుగు మడతల మీద నా చొక్కా జేబులోనే ఉంది.