గూడబాతు మూతి

ఆ రోజుల్లో రైల్లో కిటికీ పక్క సీటంటే తల ఆనించి నిద్రపోవడానికేనని నా గట్టి నమ్మకం. కొత్త ఉద్యోగం, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రోజూ ప్యాసింజరు. భీమడోలులో ఎక్కే టీచరమ్మ గారు నన్ను తట్టి లేపి మరీ, "అదిగో చూడమ్మా, గూడబాతు! మూతి కింద ఆ సంచీ చూశావా? చేపలకి వేరే బుట్ట అక్కర్లేదు దానికి" అని చూపించేవారు. మొదట్లో విసుగొచ్చేది. పోనుపోను, ఆవిడ ఎక్కకముందే మెలకువగా కూర్చుని చెరువుల్లోకి చూడటం అలవాటైంది. అది ఎంత సంతోషమో అప్పుడు తెలిసింది. అందుకే ఆవిడ రిటైరవుతున్నారని వినగానే, క్రోషియాతో ఒక గూడబాతును అల్లి, బల్లగుడ్డ మీద కుట్టి ఇవ్వాలనుకున్నాను. (అప్పటిదాకా నేను అల్లిందల్లా టీవీ మీద కప్పే గుడ్డకి అంచు మాత్రమే.)

ఆవిడ కంట పడకూడదు కాబట్టి భీమడోలు వచ్చేదాకా అల్లిక, రాగానే సంచీలోకి. ఎదుటి సీటు టిఫిన్ అక్క (రైలు కదలగానే డబ్బా మూత తీస్తుందని ఆ పేరు) ఒకరోజు తొంగిచూసి, "కోడిపెట్ట భలే వచ్చిందే!" అంది. రైలు ఆగినప్పుడల్లా గడియారం చూసుకుని రైల్వేవాళ్లని తిట్టే బాబాయి గారు కళ్లజోడు సవరించుకుని, "కోడేంటమ్మా, కూజా కదూ?" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఒళ్లు బాగానే కుదిరింది, చిక్కంతా మూతి దగ్గరే. రోజూ చూసే పిట్టే అయినా, తీరా అల్లబోతే ఆ సంచీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గుర్తు రాలేదు.

ఆవిడ ఆఖరి రోజు పొద్దుటికి కూడా మూతి లేదు. నా అదృష్టం కొద్దీ, భీమడోలు ఇంకాస్త దూరం ఉందనగా సిగ్నల్ లేక రైలు ఆగింది. పక్కనే చేపల చెరువు, గట్టు దగ్గర గూడబాతు! పెట్టెలో ఉన్నవాళ్లంతా మా కిటికీల దగ్గరికి చేరారు. "నోరు తెరువే తల్లీ" అని టిఫిన్ అక్క ఇడ్లీ ముక్క కూడా విసిరింది. అది ఇడ్లీని చూసి, మమ్మల్ని చూసి, అటు తిరిగి కూర్చుంది. ఎంతసేపటికో దయ కలిగి, మూతి నీళ్లలో ముంచి పైకెత్తింది. ముక్కు పొడవునా సంచీ నిండుగా వేలాడింది. అందరం ఆహా అనేలోగా రైలు కదిలింది. "ఇప్పుడే ఇవ్వాలా అండీ సిగ్నలు! ఇంకాసేపు ఆపితే వీళ్ల సొమ్మేం పోయింది?" అని బాబాయి గారు మండిపడ్డారు.

రైలు నింపాదిగా సాగుతుంటే నేను గబగబా మూతి అల్లేసి, కుట్టేశాను. తొందరలో సంచీ మధ్య దారం చిక్కుపడి పెద్ద ముడి పడింది. విప్పే వ్యవధి లేదు, ప్లాట్‌ఫారం వచ్చేసింది. టీచరమ్మ గారు ఎక్కి కూర్చోగానే ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ మడత విప్పి, దగ్గరగా పట్టుకుని చూశారు. కూజా అంటారేమోనని నా భయం. ఆవిడ ఆ ముడి మీద మెల్లగా వేలు పెట్టి, "గూడబాతే! సంచీలో చేపపిల్లని కూడా పెట్టావే, ఎంత బాగా చూశావమ్మా!" అన్నారు.

"అవునండీ, దానికే ఆలస్యమైంది" అన్నాను. బాబాయి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకున్నారు.

ఇప్పుడు నా అల్లిక ఒక్క ముడి లేకుండా నున్నగా వస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. కానీ ఆ రోజు రైల్లో కంగారుగా పట్టిన చేప మాత్రం మళ్లీ నా చేతికి చిక్కలేదు.