లాంచి పంకాతో మార్కాపురానికి

మా నాయన కంభం చెరువు మీద లాంచి నడుపుతాడు. ఆ సోమవారం నీళ్లలో మునిగి ఉన్న బండ తగిలి లాంచి ఇత్తడి పంకా రెక్క ఒకటి మడత పడింది. అదే కుదుపుకు నాయన కుడి మణికట్టు బెణికింది. గురువారం ఇంజనీరు గారు తనిఖీకి వస్తున్నారు. ఈసారీ లాంచి నడవకపోతే అమ్మేస్తామని అదివరకే చెప్పి ఉన్నారు. లాంచి పోతే నాయన ఉద్యోగమూ పోతుంది. అందుకని పంకాను మార్కాపురం కంచరి దగ్గరికి నేనే తీసుకువెళ్లాను. అలాంటి పనిమీద వెళ్లేవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

మంగళవారం లాంచిని ఒడ్డుకు లాగి, వెనుక భాగాన్ని దుంగల మీద ఎత్తి నిలిపారు. నాయన చెబుతుంటే పంకా నేను విప్పాను. ముందు నట్టుకు అడ్డంగా ఉన్న పిన్ను తీయాలి. నట్టును వదులు చేయాలే తప్ప పూర్తిగా తీయకూడదు, తీస్తే పంకా ఊడి కాళ్ల మీద పడుతుంది. నేను ఎంత లాగినా పంకా కదల్లేదు. దాని నడిమి బొడ్డు మీద మరిగే నీళ్లు పోసి, లాంచి వైపు నుంచి కొయ్య సుత్తితో కొట్టమన్నాడు నాయన.

“గట్టిగా కొట్టు తల్లీ, అదేమన్నా గాజు గ్లాసా?”

నాలుగో దెబ్బకు వదిలింది.

బుధవారం పొద్దున ఏడు గంటలకు కంభంలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు అయిదణాలు. తర్లుపాడు తర్వాత వచ్చే మార్కాపురం రోడ్డులో దిగేసరికి ఎనిమిది దాటింది. స్టేషను నుంచి ఊరు అయిదు మైళ్లు ఉంటుంది. జట్కా సాయిబు మూడణాలకు ఒప్పుకున్నాడు.

“ఏంది పాపా, ఆ మూటలో?”

“పంకా.”

“మా ఇంటామె గూడా ఒకటి తెమ్మంటాంది. దీన్ని యాడ తగిలిస్తారు?”

“నీళ్లలో.”

కాసేపు గుర్రాన్ని అదిలించడం మరిచాడు. “నీళ్లకు గూడా ఉక్కపోస్తదా?” అన్నాడు.

కంచరి బ్రహ్మయ్య కొలిమి పలకలు కోసే దుకాణం పక్కనే ఉంది. నాయన ఎడమచేత్తో రాసిచ్చిన చీటీ ఇస్తే, తనకు చత్వారమని నన్నే చదవమన్నాడు. “పంకా వంకర తీసి ఇవ్వవలెను” అని ఉన్నది ఉన్నట్టు చదివి, అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచాను. తల ఎత్తేసరికి దెబ్బతిన్న రెక్క పీటలా చదునుగా ఉంది. కొసన పడ్డ మడతతో పాటు రెక్కకు పుట్టుకతో ఉన్న మెలి కూడా పోయింది. బ్రహ్మయ్య రెండో రెక్కను కొలిమిలో పెట్టబోతున్నాడు.

“తాతా, ఆగు” అన్నాను. కొలిమి తిత్తి చప్పుడులో వినిపించలేదు. కాన్వెంటులో మాకు మెల్లగా మాట్లాడటమే నేర్పారు. రెండోసారి అరిచాను. పక్క దుకాణంలో రంపాలు కూడా ఆగిపోయాయి.

“ఏందమ్మా, అట్ల అరుస్తివి? వంకర తీయమని మీ నాయనే గదా రాసినాడు. మూడు రెక్కలూ వంకరే.”

“అది వంకర కాదు తాతా, వంపు. ఆ వంపే నీళ్లను నెట్టేది. అది లేకుంటే పంకా తిరుగుతుంది గానీ లాంచి కదలదు.”

ఆయన పంకాను కింద పెట్టాడు. “అయితే ఒక రెక్కను చంపినా. నువ్వు చదువుకుంటా కూసోకుండా ముందే చెప్పగూడదా?”

పుస్తకం సంచిలో పెట్టేశాను.

ఎంత వంపు ఉండాలో మిగిలిన రెండు రెక్కలే చూపించాలి. పక్కవాళ్లను అడిగి మూడు పలక ముక్కలు తెచ్చాను. మంచి రెక్క మీద బొడ్డు దగ్గర ఒకటి, నడుమ ఒకటి, కొసన ఒకటి నిలబెట్టి బలపంతో దాని వంపు గీశాను. ఆ గీత వెంబడి వాళ్లు కోసిచ్చారు. బ్రహ్మయ్య చదునైన రెక్కను కాల్చి, మెలిపెట్టి, కొయ్య దిమ్మె మీద మెల్లగా కొడుతూ పలకలు ఆనించి చూశాడు. పలకకూ రెక్కకూ మధ్య వెలుతురు కనబడితే మళ్లీ కొలిమి. నడుమ ఆయన భార్య మా ఇద్దరికీ జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టింది. ఆఖరున మూడు రెక్కల బరువూ సమానంగా ఉందో లేదో చూడటానికి బొడ్డులో కమ్మీ దూర్చి, నిలబెట్టిన రెండు పలకల అంచుల మీద ఆ కమ్మీని ఉంచాడు. బరువైన రెక్క కిందికి దిగేది. దాన్ని ఆకురాయితో అరగదీసి మళ్లీ ఉంచేవాడు. సాయంత్రం నాలుగింటికి ఏ రెక్కా దిగలేదు.

“ఇప్పుడు చదువుకో పాపా” అన్నాడు.

అయిదున్నర బండికి ఇల్లు చేరాను. తెల్లవారి పంకా బిగించే ముందు నాయన ఎడమచేత్తో మూడు రెక్కలూ తడిమాడు.

“ఏది దెబ్బతిన్నది?”

చూపించి, జరిగింది చెప్పాను.

“వంకరని రాసింది నేనే గదా” అన్నాడు. ఆ రెక్కను మళ్లీ తడిమి, “నువ్వు అరిచినావా?” అని అడిగాడు.

ఇంజనీరు గారు లాంచిలో అవతలి తూము దాకా వెళ్లి వచ్చారు. దారి పొడుగునా కాగితాలు చూసుకుంటూనే ఉన్నారు. లాంచి అంత కుదురుగా నడిచింది. అమ్మకం మాట రాలేదు. ఆ మూడు పలకలు ఇప్పుడు మా ఇంట్లో నా పుస్తకాల పక్కన ఉన్నాయి. వాటి మీద ఒక్క అక్షరమూ లేదు, అయినా అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. మీరు మార్కాపురంలో ఏదైనా బాగుచేయించుకోవడానికి వెళ్తే పొద్దుటి బండికే వెళ్లండి. ఏం సరిచేయాలో చెప్పేముందు ఏది ముట్టకూడదో చెప్పండి, తిత్తి చప్పుడును మించి వినబడేలా.