తమ్ముని తోటను కూడా లెక్కలో వేసిన మేడమ్

అజీజ్‌నగర్ దాటుతుంటే కోసిన గడ్డి వాసన కారులోకి వచ్చింది. మండుటెండలో ఏదో రిసార్టు గోడ వెనక స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. అందరికీ హాయిగా ఉండే వాసనే. నాకు మాత్రం మంజుల మేడమ్ గుర్తొస్తారు.

చేవెళ్ల రైతు కుటుంబంలో పుట్టి నీటి శాస్త్రం చదివిన మనిషి ఆవిడ. నేను కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంటి పిల్లని, ఆవిడ దగ్గరే నా మొదటి ఉద్యోగం. ఎండలు పెరిగేకొద్దీ ఈ నేల నుంచీ చెట్టూచేమా నుంచీ ఎంత నీరు ఆవిరవుతుంది, ఎంత మిగిలి మూసీలోకి పారుతుంది అని అంచనా కట్టాలి. దాన్నిబట్టే కింది ఊళ్ల రైతులు వరి వేయాలో మానాలో తేల్చుకుంటారు.

ఆవిరి కొలవడానికి ఆరుబయట నీళ్లతొట్టి పెట్టాం. ఒకసారి నీటిమట్టం విపరీతంగా పడిపోతే, ఎండ దెబ్బేనని నేను గంభీరంగా రాసుకున్నాను. మేడమ్ తొట్టి పక్కన బురదలో కాలిగుర్తులు చూపించి పడీపడీ నవ్వారు.

"ఇదేం ఆవిరమ్మా? కుక్కలు తాగిపోయినయి. దీనికి ఇనుప జాలి కట్టు. పాపం, వాటికి వేరే గిన్నెల నీళ్లు పెట్టు."

ఎవరినీ చిన్నబుచ్చడం ఆవిడకు చేతకాదు.

ఆ ఏడు వానలు బాగానే పడ్డా వాగులు సరిగా పారలేదు. ఎండలు ఒక కారణం. మొయినాబాద్ చుట్టూ ఏడాది పొడవునా బోరునీటితో తడిపే పచ్చిక మైదానాలు ఇంకో కారణం. వాటిలో ఒకటి మేడమ్ తమ్ముడిది, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే తోట. ఆయన ఊళ్లో నాయకుడు కూడా. రైతుల సమావేశానికి ముందురోజు ఆఫీసుకు వచ్చాడు.

"ఎండలు ముదిరినయని రాయక్కా. అబద్ధమైతే గాదు గదా. తోటల ముచ్చట ఇడిసిపెట్టు."

"సగం నిజం రాయమంటున్నవురా. ఎండ సంగతి రాస్త, నీ తోట సంగతీ రాస్త."

మర్నాడు సమావేశంలో పటం మీద మొదట ఆ తోటనే చూపించారు. "ఇది మాదే. ఇందుల నాకూ వాటా ఉన్నది," అన్నారు.

తర్వాత అదే తోటలో మేనకోడలి పెళ్లి జరిగింది. మేడమ్‌కు పిలుపు రాలేదు. ఆ రోజు ఆఫీసులోనే కూర్చున్నారు.

"బాధగా లేదా మేడమ్?" అని అడిగాను.

"ఎందుకుండదు? నా చేతుల మీద పెరిగిన పిల్ల. కానీ నేను చెప్పింది నమ్మి కిందోళ్లు నారు పోస్తరు గదా."

కళ్లు తుడుచుకుని మళ్లీ పనిలో పడ్డారు. ఇప్పుడు నివేదికల మీద సంతకం నాది. పెట్టేముందు, నావాళ్లనెవరినైనా వదిలేశానేమోనని ఒకసారి మొదటినుంచి చదువుతాను.