బోణీ వేళ ఇచ్చిన పలచటి ఆయిల్

"నీళ్ళండీ అవి. దాన్ని ఆయిల్ అంటారా?"

"డబ్బాలో ఉన్నదే మీకిచ్చాను గిరిబాబుగారూ. నేనేం కలపలేదు."

"కలిపారని నేనన్నానా? నా కారుకి పనికిరానిది అంటగట్టారంటున్నా. ఇంజను పోతే దాని సామాను ఎక్కడ దొరుకుద్ది? మీ కొట్లో అమ్ముతారా?"

"ముందు కూచోండి. మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళ సంగతి ఎత్తకండి."

తిరువూరు మెయిన్ రోడ్డు మీద ఇందిరాదేవి గారి ఆయిల్ కొట్టు ముందు ఈ గొడవ జరుగుతుంటే, నేను పక్కనే ఏడుకొండలు మెకానిక్ షెడ్డులో ఉన్నాను. ఇంజనీరింగ్ మధ్యలో మానేశాక ఎక్కువగా అక్కడే ఉంటున్నాను. షెడ్డుకీ కొట్టుకీ మధ్య రేకు గోడే అడ్డం. వినకూడదనుకున్నా వినపడుతుంది.

గిరిబాబుది రెడ్డిగూడెం. మామిడి తోటలున్న మనిషి. ఆయనకో పాత ఎర్ర స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. ఎప్పుడో కాపు బాగా వచ్చిన ఏడు మద్రాసులో కొన్నాడు. ఇంట్లోవాళ్ళు దాన్ని కప్ప అంటారు. ఆ కప్పని ఆ రోజు ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చారు. విస్సన్నపేట దాటాక ఆయిల్ ప్రెషర్ లైటు ఎర్రగా వెలిగింది, ఇంజన్లో టకటక మొదలైంది. వెంటనే ఆపేశాడు. ఆ కంపెనీ ఆ మోడల్ మానేసి చాలాకాలమైంది కాబట్టి, లోపల వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ అరిగిపోయి ఉంటే కారు తోటలో కోళ్ళ గూడు కావాల్సిందే.

ఇందిరాదేవి గారికి ఆయిళ్ళు తెలియవని కాదు. ఆమె కోడలిగా వచ్చేసరికి ఆ కొట్లో వేరుశెనగ నూనె, కిరోసిను అమ్మేవారు. ఊళ్ళోకి బైకులూ ట్రాక్టర్లూ వచ్చేకొద్దీ ఇంజను ఆయిళ్ళు పెట్టింది ఆమే. భర్త రాజేంద్రప్రసాద్ గారు మిల్లు చూసుకుంటారు, కొట్టు జోలికి రారు. ఎవరొచ్చినా ఆమె రెండు ప్రశ్నలడిగి గానీ డబ్బా తీయదు. ఏం బండి? ఎన్నేళ్ళది? గంపలగూడెం నుంచి వచ్చే ట్రాక్టరు వాళ్ళు "పెళ్ళిచూపులా అమ్మా" అని నవ్వుతారు. అయినా అడుగుతుంది.

గిరిబాబు కారుకి ఏళ్ళ తరబడి ట్వంటీ ఫిఫ్టీ అనే చిక్కటి ఆయిలే పోశారు. పాత ఇంజన్లలో భాగాల మధ్య సందులు ఎక్కువ. వేడెక్కినా పలచబడిపోని ఆయిల్ అయితేనే ఆ సందుల్లో నిలిచి ప్రెషర్ ఉంటుంది. పైగా క్యామ్, వాల్వుని నొక్కే టాపెట్ మీద నేరుగా రాసుకునే ఇంజన్లకి అరుగుదలని ఆపే మందు ఆయిల్లో ఎక్కువ ఉండాలి. జీరో ట్వంటీ లాంటి పలచటివి కొత్త కార్ల కోసం చేసినవి. వాటిలో తప్పేమీ లేదు. ఈ కారుకి కాదు, అంతే.

ఆమె ఇచ్చింది జీరో ట్వంటీ.

గిరిబాబు అలసిపోయి స్టూలు మీద కూలబడ్డాక నేను వెళ్ళి అడిగేశాను. "తెలిసీ ఎందుకిచ్చారాంటీ?"

"బోణీ మురళీ," అంది.

వాళ్ళింట్లో అదో పట్టింపు. తొలి బేరానికి "లేదు" అనే మాట నోట్లోంచి రాకూడదు. అత్తగారు నాగేంద్రమ్మ నేర్పింది. అడిగింది లేకపోతే దాని దగ్గరిది ఇంకోటి చూపించాలి, ఉత్త చేతుల్తో మాత్రం పంపకూడదు. ఆయిల్ కొన్న పొద్దున గిరిబాబు, ఆమె కొట్టు తాళం తీయగానే వచ్చాడు. చూస్తే చిక్కటాయిల్ నిండుకుంది. ఆమె అన్నిట్లోకీ ఖరీదైన డబ్బా తీసి, ఇంకా మంచిదండీ అని చేతిలో పెట్టింది.

"ఖరీదైనది కదా, చెడుపు చెయ్యదనుకున్నా."

"నేనూ అదే అనుకున్నాలెండి," అన్నాడు గిరిబాబు స్టూలు మీంచే. "ఖరీదు చూసి మోసపోవడం నాకు కొత్తా? ఆ కారే సాక్ష్యం."

ఇందిరాదేవి గారు కొట్టు వదిలి రోడ్డు దాటింది. ఎదురుగా జగన్నాథరావు కొట్టు. ఇద్దరూ అవే ఆయిళ్ళు అమ్ముతారు, పెళ్ళిళ్ళలో తప్ప పలకరించుకోరు. ఆమె ఆ మెట్టెక్కగా నేనెప్పుడూ చూడలేదు.

"ఏంటమ్మా, ఇలా వచ్చారు. మీ దగ్గర నిండుకుందా?" అని ఆయన గట్టిగానే అడిగాడు, రోడ్డుకి వినపడేలా.

"నిండుకుంది. ట్వంటీ ఫిఫ్టీ ఇవ్వండి. ఫిల్టరు కూడా."

ఏడుకొండలు ఈలోపు కింద బోల్టు తీశాడు. ఆయిల్ టీలా కారిపోయింది. తర్వాత ఇంజను పై మూత విప్పాడు. గిరిబాబు ఇటు చూడకుండా బస్సుల వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఉందా పోయిందా, ఒక్క మాట చెప్పు ఏడుకొండలూ."

"ఉందండీ. క్యామ్ మీద ఒకచోట గీత పడింది. పైపైనే, గోరు పెడితే తగలట్లేదు. ఇంకాస్త దూరం తోలుంటే పోయేదే."

ఇందిరాదేవి గారు కూడా వంగి, ఆ గీత మీద తన గోరు పెట్టి చూసింది. ఏడుకొండలు చెప్పింది చాల్లేదు ఆమెకి.

కొత్త ఫిల్టరు బిగించి, చిక్కటాయిల్ పోసి స్టార్ట్ చేశారు. కాసేపు టకటకమంది. తర్వాత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంజను బాగా వేడెక్కేదాకా ముగ్గురూ ఆ ఎర్ర లైటు వైపే చూస్తూ నిలబడ్డారు. వెలగలేదు.

గిరిబాబు కార్లోకి దిగబడి కూర్చున్నాడు. "ఈసారి మీకు బోణీ అయ్యాకే వస్తానండీ," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వించడానికన్నట్టు లేదు.

కారు వెళ్ళాక ఆమె కొట్లోకి వెళ్ళి డబ్బాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్ది, రేకు గోడ మీద తట్టి నన్ను పిలిచింది.

"మురళీ, రేపట్నుంచి నేను కొట్టు తెరిచేసరికి వచ్చి కూచుంటావా?"

"ఎందుకాంటీ?"

"లేనిది ఎవరన్నా అడిగితే నువ్వు లేదని చెప్పు. బోణీ అయ్యేదాకా చాలు. నా నోట రాదు. నీ నోటికి అడ్డేముంది, ఎవర్నైనా ఎంత మాటైనా అనేస్తావు."

"నేనంటే మాత్రం దోషం కాదా?"

"అన్నవాడికే దోషం. వాడి వ్యాపారానికే దెబ్బ."

"నాకు వ్యాపారం ఎక్కడుంది?"

"అందుకే నిన్నడుగుతున్నా. వస్తావా?"