ఇంటిబండిని లాగే పికప్పు కోసం ఎన్నూరు దాకా

మా చెల్లెలు రాజమ్మకు తుంటి విరిగి రెండేళ్లయింది. అరగంటకు మించి కూర్చోలేదు, పడుకోవాల్సిందే. ఏలగిరి కొండ మీద ఒక రాత్రి నిద్ర చేయాలని దానికి చిన్నప్పటి నుంచి ఆశ. ఈ రెండేళ్లలో అడిగినప్పుడల్లా "ఇప్పుడు కొండలేందే?" అని నోరు మూయించింది నేనే.

ఈ ఏడు మా అల్లుడు సినిమా షూటింగులకు బాడుగకు తిరిగి పాతబడిన ఒక ఇంటిబండి కొన్నాడు. రెండు చక్రాల మీద చిన్న గది. లోపల మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి ఉన్నాయి. ఇంజను మాత్రం లేదు, ముందు ఇంకో బండి కట్టి లాగాలి. ఆ లాగే పికప్పును ఎంచే పని నేను తీసుకున్నాను. బేరం ఇంకొకరికి వదిలే అలవాటు నాకు లేదు.

ఆదివారం ఉదయం ఏడుంబావుకు మనవరాలు స్వప్నతో వాషర్‌మెన్‌పేట్ స్టేషనులో లోకల్ ఎక్కాను. మా పప్పుల అంగడి లోడు ఆటో నడిపేది అదే. టికెట్టు మనిషికి ఐదు రూపాయలు. ఇడ్లీలు, కారప్పొడి ఇంట్లోనే పొట్లం కట్టుకున్నాం. రాయపురం నుంచి ఖాళీ చేపల బుట్టతో వస్తున్న ఒకామె పక్కకు జరిగి చోటిచ్చి, ఏడికని అడిగింది. చెప్పాను.

"ఇంటినే లాక్కోని పోతారా!" అని పకపకా నవ్వింది. "మా ఇంటికీ చక్రాలు పెట్టియ్యక్కా. బాడుగకొచ్చేవాడికి ఒట్టి నేల చూపిస్తా."

ఎనిమిదికి ఎన్నూరులో దిగాం. షేర్ ఆటో అక్కర్లేదన్నాను. లారీల దుమ్ముకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పావుగంట నడిస్తే యేసుదాసు షెడ్డు వచ్చింది. పాత బండ్లు బాగుచేసి అమ్ముతాడు. మా ఇంటిబండిని కొక్కీ, బ్రేకులు చూడమని వారం ముందే అక్కడ వదిలాం.

"రా పెద్దమ్మా, ఈడ నీడలో కూచో" అని స్టూలు వేశాడు.

పికప్పులు రెండు చూపించాడు, ఒకటి తెల్లది, చిన్నది. రెండోది బూడిదరంగుది, పెద్దది, ధర దాదాపు రెట్టింపు. రెండింటికీ నాలుగు తలుపులు, వెనక పొడుగు సీటు. అది ముఖ్యం, ఎందుకంటే బండి కదిలేటప్పుడు ఇంటిబండిలో ఎవరూ ఉండకూడదు. రాజమ్మ పికప్పు వెనక సీటులోనే పడుకోవాలి.

తొమ్మిదికి ఇంటిబండిని లారీ కాటా మీదికి ఎక్కించాం. ట్యాంకు నిండా నీళ్లు పట్టించాను. గ్యాస్ సిలిండరు, చక్రాల కుర్చీ, బియ్యం, నా రోలు కూడా వారం ముందే లోపల పెట్టి పంపాను. చీటీలో మూడు వరుసలు వచ్చాయి. మొత్తం పదిహేను వందల ఎనభై కిలోలు, ఖాళీ బండి పన్నెండు వందలు, సరుకు మూడు వందల ఎనభై.

నాలుగు తరాలుగా మా అంగడిలో గోతం బరువు తీసేసి మూడో వరుసే చదువుతాం. నేనూ అదే చదివాను. ఆ గదికి దాని చక్రాలు దానికున్నాయి, అది దొర్లుతుంది, లాగాల్సింది సరుకునే గదా అనుకున్నాను. చిన్న పికప్పు పుస్తకంలో వెయ్యి కిలోల దాకా లాగొచ్చని రాసుంది.

"గోతం తీసేస్తే మూడు వందల ఎనభయ్యే. చిన్నది చాలు" అన్నాను.

"అవ్వా, మొదటి వరుస చూడాల" అంది స్వప్న.

"నువ్వు పుట్టకముందు నుంచి కాటా చూస్తాండా. మూసుకో."

యేసుదాసు వాదించలేదు. "సెరి పెద్దమ్మా. ఒకతూరి చిన్నదానికే తగిలించి ఈ రోడ్డు వంతెన ఎక్కించి చూద్దాం. కొండెక్కేది మీ చెల్లెలు గదా" అని రెండు కట్టె దిమ్మలు కాళ్ల దగ్గర పెట్టుకుని, బండి తోలే స్వప్న పక్కన కూర్చున్నాడు. రాజమ్మకు సీటు పొడుగు చాలుతుందో లేదో చూద్దామని నేను వెనక పడుకున్నాను.

పదిన్నరకు వంతెన సగం ఎక్కాక ముందు లారీ ఆగింది. మేమూ ఆగాం. అది కదిలాక స్వప్న గేరు వేసింది. ఇంజను అరిచింది, కాలిన వాసన వచ్చింది, బండి ముందుకు పోలేదు. మెల్లగా వెనక్కి జారింది. పడుకున్న నాకు బండి పైకప్పు తప్ప ఏమీ కనబడలేదు, పట్టుకోవడానికి ఏమీ అందలేదు. "అవ్వా, కదలొద్దు!" అని స్వప్న బ్రేకు తొక్కిపట్టింది. యేసుదాసు దూకి ఇంటిబండి చక్రాల కింద దిమ్మలు తోశాడు. అప్పుడు నిలిచింది.

వెనక లారీవాడు తల బయటపెట్టాడు. "ఏం అవ్వా, ఇల్లు కట్టేదానికి నీకు ఈ చోటే దొరికిందా?"

నన్ను దించుతూ యేసుదాసు మెల్లగా అన్నాడు, "గోతాన్ని కొనేవాడు తీసేయొచ్చు పెద్దమ్మా. లాగేవాడు తీసేయలేడు గదా."

అరగంటకు పెద్ద పికప్పు తెచ్చి అదే చోట, అదే బరువుకు తగిలించాడు. దాని పుస్తకంలో రెండున్నర టన్నులుంది. మళ్లీ వెనక సీటులో పడుకున్నాను. కుదుపు కూడా తెలియకుండా ఎక్కింది. దిగేటప్పుడు ఇంటిబండి వెనక నుంచి తోయలేదు. అది చాలామంది చూడరు, చూడాలి.

పెద్దదానికే బయానా ఇచ్చాను. టీ అంగడిలో స్వప్న, "మూడో వరుస చాలునా అవ్వా?" అంది. నా వడ కూడా దాని ఆకులో వేశాను. దాని నోరు మూయించడానికి ఇంకో దారి లేకపోయింది.

ఇట్లాంటి బండికి పోయేవాళ్లు నీళ్లు నింపి, సామానంతా పెట్టి తూకం వేయించండి. మొదటి వరుస చదవండి. ఎత్తు మీద ఆపి, మళ్లీ కదిలించి చూడండి. బేరం ఆ తర్వాత.

రెండుంబావు లోకల్‌లో తిరుగు ప్రయాణం. తొండియార్‌పేట దాటుతుంటే రాజమ్మ ఫోను చేసింది. పొద్దున్నుంచి కాచుకునుందని గొంతులోనే తెలిసింది.

"ఏమక్కా, కుదిరిందా?"

"కుదిరింది. పెద్దది తీసుకున్నా."

"పెద్దదా! నువ్వా?" అని, మెల్లగా అడిగింది, "నా బరువు కూడా కలిపే చూసినావా?"

రెండేళ్లుగా దాని కోరికను నేను లెక్కలో నుంచి తీసేస్తూనే ఉన్నాను. కిటికీ వైపు తిరిగాను.

"నీ చోటులో పడుకోని చూసినానే" అన్నాను. "దుప్పటి సర్దుకో. కొండ మీద చలి ఉంటుందంట."